మా తాతయ్య ఎర్రబడ్డాడు

‘‘ఒకసారి రావే అమ్మాయ్. నా కన్ను మళ్లీ చూపించాలి.’’

పోయిన మే నెలలో ఓ ఆదివారం పొద్దున్నే బాపట్ల నుంచి నానమ్మ ఫోన్. మా నానమ్మ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయి నాలుగేళ్లయింది. ఆపరేషన్ తర్వాత సూదిలో దారం తనే ఎక్కించుకుంటున్నానని వీధంతా చెప్పుకుంది. అలాంటిది మళ్లీ కన్నంటోందంటే నాకు గుండె ఝల్లుమంది.

‘‘ఏమైంది నానమ్మా, మసగ్గా ఉందా?’’

‘‘మసక కాదే. ఎర్రగా కనపడుతోంది.’’

‘‘ఏది?’’

కాసేపు మాట లేదు. ‘‘నువ్వు రా, చెప్తా’’ అని పెట్టేసింది.

ఆ రాత్రే హైదరాబాద్‌లో రైలెక్కా. మర్నాడు గుంటూరు తీసుకెళ్లి చూపించా. డాక్టరు గారు చుక్కలు వేసి, లైటు పెట్టి, గంటసేపు చూసి ‘‘ఈ వయసులో ఇంతకంటే మంచి కళ్లు ఉండవమ్మా’’ అన్నారు. నానమ్మ మొహంలో మాత్రం సంతోషం లేదు. ఇంటికొచ్చాక చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకెళ్లి, తాతయ్య ఫొటో ముందు నిలబెట్టింది.

‘‘ఇప్పుడు చెప్పు. మీ తాత నీకెలా కనపడుతున్నాడు?’’

చూశా. బ్లాక్ అండ్ వైట్ ఫొటో. నేనే దగ్గరుండి వేయించిన ఫొటో. అందులో తాతయ్య మొహం ఇటుక రంగులో ఉంది. తెల్ల చొక్కా మీద లేత గులాబీ. నల్ల జుట్టు వక్కపొడి రంగు.

‘‘ఎర్రగానే ఉన్నాడు నానమ్మా’’ అన్నా.

నానమ్మ అక్కడే ఉన్న కుర్చీలో కూలబడింది. ‘‘సంక్రాంతి నుంచీ చూస్తున్నా. అన్నీ మామూలుగానే ఉన్నాయి, ఆయనొక్కడే ఎర్రగా ఉన్నాడు. రోజూ ఆయన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకోబట్టి కన్ను చెడిందేమో అనుకున్నా. మళ్లీ ఆపరేషనంటే మీ నాన్నకి ఖర్చు కదా అని చెప్పలేదు.’’

నాలుగు నెలలు. మా ఇంట్లో ఒక మనిషి నాలుగు నెలలు తన కళ్లు పోతున్నాయని భయపడుతూ బతికింది. నేను పండక్కి వచ్చాను, ఆ ఫొటో కింద ఉన్న ప్లగ్గులోనే ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నాను. ఒక్కసారి కూడా తల పైకెత్తి చూడలేదు.

పదకొండో రోజుకి ఫొటో

తాతయ్య పోయి మూడేళ్లు. ఆయనకు ఫొటో దిగడమంటే చిరాకు. ఆధార్ కార్డులో బొమ్మ చూస్తే ఆయన్ని ఆయనే గుర్తుపట్టడు. పెద్దకర్మకి పెద్ద ఫొటో కావాలంటే ఇల్లంతా వెతికితే ఒక్కటే దొరికింది. 1971లో, 27 ఏళ్ల వయసులో, స్టూడియోలో దిగిన పోస్టుకార్డు సైజు బ్లాక్ అండ్ వైట్.

నా ఫోన్‌తో తీసి, ఒక యాప్‌లో వేస్తే ముడతలు పోయాయి కానీ తాతయ్య ముక్కు కూడా మారిపోయింది. ఎవరో సినిమా హీరోలా తయారయ్యాడు. చివరికి స్కాన్ చేయించి, రాత్రంతా కూర్చుని గీతలు ఒక్కొక్కటే నేనే చెరిపాను. టౌన్లో ఒక ఫొటో షాపులో గంటలో 12×18 ప్రింట్ వేసిచ్చారు. మెరిసే కాగితం, చిక్కటి నలుపు. చూసినవాళ్లంతా ‘‘మనిషి ఎదురుగా ఉన్నట్టే ఉంది’’ అన్నారు.

ఇంకో పని కూడా చేశా. ఫ్రేమ్‌కున్న అద్దం మీద కిటికీ వెలుతురు పడి మొహం కనపడట్లేదని నానమ్మ అంటే, అద్దం నేనే తీయించేశా. ఇప్పుడు తెలుస్తోంది, ఆ రోజు నేను తీసేసింది తాతయ్యకున్న ఒకే ఒక్క గొడుగని.

పక్కనే పెట్టి చూస్తే అసలు విషయం బయటపడింది. 50 ఏళ్లు దాటిన ఆ పాత పోస్టుకార్డు ఫొటో అంచుల్లో కాస్త పసుపెక్కింది తప్ప, మొహం అలాగే ఉంది. మూడేళ్లు నిండని నా ప్రింట్ పాడైపోయింది. ఎందుకు? అక్కణ్నుంచి మొదలైంది నా వెతుకులాట.

నలుపులో నలుపు లేదు

ముందుగా తెలిసింది ఇది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో బొమ్మ వెండితో తయారవుతుంది. కాగితం మీద జిలటిన్ పొరలో అతి సన్నని వెండి రేణువులు. వాటిలో రంగన్నదే లేదు, పోవడానికి. నానమ్మతో చెబితే, ‘‘వెండా? ఇన్నాళ్లూ ట్రంకుపెట్టెలో వెండి పెట్టుకుని తెలీలేదే’’ అని నవ్వింది. ఆ రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు.

నా ప్రింట్‌లో ఏముంది? ఇంకు. అది కూడా నల్ల ఇంకు కాదు. ఇది చాలామందికి తెలియని సంగతి. ఇళ్లలో, చిన్న షాపుల్లో వాడే ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటికి నాలుగు సీసాలుంటాయి. నలుపు, సయాన్ అనే నీలి రంగు, మెజెంటా అనే గులాబీ రంగు, పసుపు. సెట్టింగ్‌లో గ్లాసీ ఫొటో పేపర్ అని ఎంచుకోగానే వీటిలో చాలా మోడళ్లు నల్ల సీసాను పక్కనపెట్టేస్తాయి. మిగతా మూడు రంగులూ కలిపి నలుపులా కనిపించేలా చేస్తాయి. బూడిద రంగు షేడ్లు కూడా అంతే. అంటే మా తాతయ్య మీసం నిజానికి మూడు రంగుల మిశ్రమం.

మూడు కలిసి సమానంగా ఉన్నంతకాలం నలుపు. ఒకటి తగ్గితే? మిగిలిన రెండూ బయటపడతాయి. నీలి రంగు ముందు పోతే మిగిలేవి గులాబీ, పసుపు. ఆ రెండూ కలిస్తే వచ్చేదే ఎరుపు. తాతయ్య ఎర్రబడలేదు. ఆయనలోంచి నీలం వెళ్లిపోయింది.

రంగుల ఫొటోలో కాస్త రంగు తగ్గినా మన కన్ను సర్దుకుంటుంది. ఆకాశం కొంచెం పాలిపోయిందిలే అనుకుంటాం. బ్లాక్ అండ్ వైట్‌లో ఆ వీలు లేదు. బూడిద రంగులోకి చిటికెడు ఎరుపొచ్చినా కన్ను పట్టేస్తుంది. 80 ఏళ్ల కన్ను కూడా.

మరి నీలమే ఎందుకు ముందు పోయింది? ఎండ ఒక కారణం. గాలి ఇంకో కారణం. గాలిలో ఎప్పుడూ కొద్దిగా ఓజోన్ ఉంటుంది. ప్రింట్ తీయగానే ఆరిపోయే గ్లాసీ కాగితాల మీద కంటికి కనపడని చిల్లులుంటాయి. ఇంకు వెంటనే పీల్చుకోవడానికే అవి. కానీ ఇంకు లోపలికి వెళ్లిన దారిలోనే గాలి కూడా వెళ్తుంది. చౌక ఇంకుల్లో ఉండే నీలి రంగుకి ఓజోన్ అంటే అస్సలు పడదు. 2000 సంవత్సరంలో ఒక పెద్ద ప్రింటర్ కంపెనీ ఫొటోలు కొందరి ఇళ్లలో కొద్ది వారాల్లోనే నారింజ రంగులోకి తిరిగాయి. ఆరా తీస్తే దొరికిన దొంగ ఈ ఓజోనే.

అంతకు ముందు కూడా ఈ బాధ పడ్డవాళ్లున్నారు. గ్రాహం నాష్ అనే పాప్ గాయకుడికి బ్లాక్ అండ్ వైట్ ఫొటోలంటే పిచ్చి. 1991లో కాలిఫోర్నియాలో ‘నాష్ ఎడిషన్స్’ పేరుతో ప్రింటింగ్ స్టూడియో పెట్టాడు. ఐరిస్ అనే ఖరీదైన ఇంక్‌జెట్ యంత్రం మీద అద్భుతమైన ప్రింట్లు వేశారు. చిక్కల్లా ఒక్కటే. అప్పటి ఐరిస్ ఇంకులు వెలుతురుకి నిలిచేవి కావు. లక్షల డాలర్ల స్టూడియోకే తప్పనిది, గంటలో ప్రింటిచ్చే షాపుకి తప్పుతుందా!

నానమ్మ కాటుక చెప్పిన పాఠం

ఇంకుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి డై, రెండోది పిగ్మెంట్. నీళ్లలో పంచదార కరిగినట్టు కరిగిపోయేది డై. సున్నంలా కరగకుండా సన్నని రేణువులుగా తేలేది పిగ్మెంట్.

ఎండకి ఏది ఎక్కువ నిలుస్తుందో తెలియాలంటే వడ్లు గుర్తు తెచ్చుకోండి. పల్చగా ఆరబోసిన వడ్లకు ప్రతి గింజకూ ఎండ తగులుతుంది. బస్తాలో ఉంటే పైపొరకే తగులుతుంది. డైలో ప్రతి అణువూ విడివిడిగా వెలుతురుకి దొరికిపోతుంది. పిగ్మెంట్ రేణువు బస్తా లాంటిది. పైన కొంత పోయినా లోపల ఉంటుంది.

పిగ్మెంట్లలో కూడా అన్నిటికంటే గట్టిది నల్ల రంగు. ఎందుకంటే అది కార్బన్. అచ్చంగా మసి. నానమ్మ నా చిన్నప్పుడు ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి కాటుక పట్టేది చూడండి, అదే పదార్థం. మన పెద్దలు తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో రుద్దింది కూడా మసే. వందల ఏళ్ల తాళపత్రాల మీద అక్షరం ఇవాళ్టికీ నల్లగా ఉందంటే దాని పుణ్యమే. ఆకు చిరగొచ్చు, పురుగు తినొచ్చు. మసి మాత్రం వెలవదు.

కాబట్టి బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌కి కావలసింది రంగులు కలిపిన నలుపు కాదు. కార్బన్ నలుపు, దాన్నే పలచన చేసిన బూడిద రంగులు. మంచి ఫొటో ప్రింటర్లలో ఈ ఏర్పాటు ఉంటుంది. 2005లో ఎప్సన్ తెచ్చిన కే3 ఇంకుల్లో ‘3’ అంటే అదే. ఒకేసారి మూడు సాంద్రతల్లో నలుపు. కానన్‌లో లూసియా పిగ్మెంట్ ఇంకులున్న మోడళ్లలోనూ బూడిద రంగు ఇంకులుంటాయి. బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో ప్రింట్ వేస్తే బొమ్మలో ఎక్కువ భాగం నలుపు, బూడిదలతోనే అవుతుంది. మిగతా రంగులు ఛాయ సరిచేయడానికి చిటికెడు పడతాయి, అంతే. అమెరికాలో జాన్ కోన్ అనే ప్రింటర్ ఇంకో అడుగు ముందుకేసి, రంగులన్నీ తీసేసి అన్ని గొట్టాల్లోనూ నలుపు, బూడిదలే నింపే పద్ధతి తెచ్చాడు. దాని పేరు పియెజోగ్రఫీ.

ఒక్క మాట. అచ్చమైన కార్బన్ ప్రింట్ కాస్త గోధుమ ఛాయలో ఉంటుంది. అది వెలవడం కాదు, మసి సహజ రంగే అంత.

వందేళ్ల గ్యారంటీ, ఫోన్‌లో లెక్క

పిగ్మెంట్ ఇంకు గురించి వెతికితే ‘100 ఏళ్లు’, ‘200 ఏళ్లు’ అని రాసుంటుంది. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. బలమైన లైట్ల కింద కొన్ని నెలలు ఉంచి, అలా పడిన వెలుతురుని ఇంట్లో పడే వెలుతురుతో లెక్కగట్టి చెబుతారు. కాబట్టి ఇంట్లో ఎంత వెలుతురుంటుందని అనుకున్నారన్నదే కీలకం.

ఈ పరీక్షల్లో పేరున్న హెన్రీ విల్హెల్మ్ సంస్థ రోజుకు 12 గంటలు, 450 లక్స్ అని లెక్క వేస్తుంది. కొడాక్ అదే 12 గంటలకు 120 లక్స్ అని లెక్క వేసేది. అదే ప్రింట్ రెండో లెక్కలో దాదాపు నాలుగింతలు ఎక్కువకాలం ఉన్నట్టు కనిపిస్తుంది. 120 లెక్కలో 100 ఏళ్లున్నది, 450 లెక్కలో 27 ఏళ్లే!

మీ ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకోండి, ఉచితంగానే దొరుకుతాయి. పక్కా కొలత కాకపోయినా అంచనా తెలుస్తుంది. నేను బాపట్లలో ముందు గదిలో ఫోన్‌ని ఫొటో పక్కన పెట్టి చూశా. రాత్రి ట్యూబ్‌లైట్ కింద 100 కూడా లేదు. మధ్యాహ్నం 300 దాకా వచ్చింది. ఫర్వాలేదే అనుకున్నా. మర్నాడు పొద్దున 8 గంటలకు తూర్పు కిటికీలోంచి ఎండ చార సరిగ్గా తాతయ్య మొహం మీద పడింది. ఫోన్ 50,000 చూపించింది!

ఆ చార అక్కడ 40 నిమిషాలుంది. లెక్క వేశా. విల్హెల్మ్ వారి రోజు మొత్తం కోటా 5,400 లక్స్ గంటలు. ఆ 40 నిమిషాల్లోనే 33,000 పైన పడింది. అంటే ఆరు రోజుల వెలుతురు ఒక్క పొద్దులో. ఎండ కాసిన ప్రతి రోజూ తాతయ్య ఆరు రోజులు ముసలివాడైపోయాడు. దానికి తోడు మీద అద్దం కూడా లేదు.

బాల్కనీలో నాలుగు ముక్కలు

హైదరాబాద్ వచ్చాక నమ్మకం కుదరక సొంతంగా పరీక్ష పెట్టుకున్నా. తాతయ్య చెవి, మెడ, కాలర్ ఉన్న ముక్కను నాలుగు రకాలుగా ప్రింట్ వేయించా. ఒకటి మామూలు డై ఇంకు. రెండోది అదే డై ఇంకు మీద యూవీ వార్నిష్ స్ప్రే. మూడోది పిగ్మెంట్ ఇంకే కానీ రంగులు కలిపి తీసిన నలుపు. నాలుగోది బూడిద ఇంకులున్న పిగ్మెంట్ ప్రింటర్ మీద బ్లాక్ అండ్ వైట్ మోడ్. ఒక్కో ముక్కలో సగానికి వంటింటి ఫాయిల్ చుట్టి, పడమటి ఎండ తగిలే బాల్కనీ అద్దానికి టేపుతో అంటించా. ఫాయిల్ కింద సగానికి ఎండ తగలదు కాబట్టి, తేడా ఎంతో తర్వాత పోల్చుకోవచ్చన్నమాట.

మూడో వారానికి మొదటి ముక్కలో ఫాయిల్ తీస్తే గీత గీసినట్టు తేడా. రెండోది, స్ప్రే కొట్టింది, ఇంకో మూడు వారాలు ఆగింది. తర్వాత అదీ ఎర్రబడింది. మూడోది మూడు నెలలకు చాలా కొద్దిగా ఛాయ మారింది. నాలుగో ముక్కలో మూడు నెలలయ్యాక కూడా గీత ఎక్కడుందో నాకు కనపడలేదు. పక్క ఫ్లాట్ ఆంటీని పిలిచి చూపించా. ఆవిడా పట్టుకోలేకపోయింది.

రెండో ముక్క నాకు పెద్ద పాఠం. పైపూత చెడ్డ ఇంకుని మంచిది చేయదు. కాస్త టైం కొనిస్తుంది, అంతే. ఎందుకంటే రంగును పోగొట్టేది అతినీలలోహిత కిరణాలొక్కటే కాదు, మనం చూసే మామూలు వెలుతురు కూడా. దాన్ని ఆపే పూత వేస్తే మనకూ ఫొటో కనపడదు కదా! ముందు ఇంకు సరైనది కావాలి. తర్వాతే పూత.

దొంగనోట్ల దీపం

కాగితం దగ్గర ఇంకో మెలిక. తెల్లగా మెరిసిపోయే కాగితాల్లో చాలావాటిలో మెరుపు కోసం ఒక రసాయనం కలుపుతారు. బట్టలకి నీలిమందు పెడతాం చూడండి, అలాంటి పనే. అది అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలి వెలుగుగా ఇస్తుంది. కొన్నేళ్లకు దాని శక్తి అయిపోతుంది. అప్పుడు కాగితం పసుపెక్కినట్టు కనిపిస్తుంది. ఇంకు నిలిచినా తాతయ్య చొక్కా మాసిపోతుంది.

కనిపెట్టడం ఎలా? మా వీధి మెడికల్ షాపులో దొంగనోట్లు చూసే నీలి దీపం ఉంది. కాగితాల శాంపిళ్లు పట్టుకెళ్లి ‘‘అన్నా, ఒక్క నిమిషం’’ అని దాని కింద పెట్టా. ఫొటో షాపు గ్లాసీ కాగితం ట్యూబ్‌లైట్‌లా వెలిగింది. దూదితో చేసిన, మెరుపు మందు కలపని మ్యాట్ కాగితం చప్పగా, మీగడ రంగులో ఉండిపోయింది. షాపతను ‘‘ఇది దొంగది కాదు మేడమ్’’ అన్నాడు. ఆ చప్పటి కాగితమే తీసుకున్నా.

ముట్టుకోకుండా ఉండలేని మనిషి

పుస్తకాల్లో, వీడియోల్లో అందరూ చెప్పే మాట ఒకటే. మంచి ప్రింట్‌ని ముట్టుకోకండి, అద్దం కింద పెట్టండి, వెలుతురు తగ్గించండి. మ్యూజియంలలో సున్నితమైన బొమ్మలకు 50 లక్సే ఉంచుతారు. బాగానే ఉంది. కానీ మా ఇంట్లో ఉన్నది మ్యూజియం కాదు, నానమ్మ.

నానమ్మ రోజూ పొద్దున్నే స్నానం చేసి, తడి గుడ్డతో ఫొటో తుడిచి, బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగిస్తుంది. తర్వాత అరచేయి తాతయ్య చెంప మీద పెడుతుంది. ఒక్క క్షణమే. నా చిన్నప్పుడు ఆవిడ ఆయన్ని అలా ముట్టుకోగా నేను చూడలేదు. ఇప్పుడు ముట్టుకుంటోంది. ‘‘ప్రింట్ పాడవుతుంది, ముట్టుకోకు’’ అని నేనెలా చెప్పను?

మ్యాట్ కాగితం మీద పిగ్మెంట్ ప్రింట్‌కున్న బలహీనత సరిగ్గా ఇదే. వెలుతురుకి భయపడదు, గోరుకి భయపడుతుంది. రేణువులు కాగితం పైన కూర్చుని ఉంటాయి. తడి గుడ్డతో రుద్దితే నల్లటి చోట తెల్ల గీత పడుతుంది. అందుకే నాకు పూత కావలసింది ఎండ కోసం కంటే ఎక్కువగా నానమ్మ చెయ్యి కోసం.

లామినేషన్ గురించి ఆలోచించి వదిలేశా. ఒకసారి వేస్తే తీయలేం. మా సముద్రపు ఊళ్ల చెమ్మకి అంచులు లేచి బుడగలు రావడం ఎన్ని ఇళ్లలో చూడలేదు! ఇంక్‌జెట్ ప్రింట్ల కోసమే తయారయ్యే వార్నిష్ స్ప్రే తెప్పించా.

మొదటిసారి జులైలో ముసురు పట్టిన రోజున కొట్టా. పొగమంచు పట్టినట్టు తెల్లగా చారలొచ్చాయి. గాలిలో తేమ ఎక్కువుంటే అంతేనట. రెండోసారి ఆత్రం కొద్దీ దగ్గర్నుంచి ఒకే మందపు పొరగా కొట్టా. కాలర్ దగ్గర కారింది. రెండు ప్రింట్లూ పోయాయి. మూడోసారికి బుద్ధొచ్చింది. ప్రింట్‌ని రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చా. ఎండ కాసే పొడి రోజు చూసుకుని, మాస్కు పెట్టుకుని, మేడ మీద గాలి తగలని మూల, మంటకీ దీపానికీ దూరంగా మొదలుపెట్టా. చెయ్యి ఆపకుండా పల్చగా ఒక పొర అడ్డంగా. ఆరాక ఒకటి నిలువుగా. మళ్లీ ఒకటి అడ్డంగా.

అనుకోని లాభం ఇంకోటి. మ్యాట్ కాగితం మీద నలుపు పొడిపొడిగా, బూడిదలా ఉంటుంది. పూత పడగానే తడి నేలలా చిక్కబడింది. తాతయ్య కళ్లలోకి వెలుగొచ్చింది. ఆరాక చిత్తు ముక్క మీద తడి గుడ్డ పెట్టి పదిసార్లు తుడిచా. గీత పడలేదు.

మీరూ వేయించాలనుకుంటే

షాపువాళ్లని మొహమాటపడకుండా నాలుగు ప్రశ్నలడగండి.

ఇంకు డైయా, పిగ్మెంటా? ‘ఒరిజినల్ ఇంకే’ అంటే సరిపోదు. ఒరిజినల్ డై కూడా డైయే.

ప్రింటర్‌లో బూడిద రంగు ఇంకులున్నాయా? బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో వేస్తారా?

కాగితంలో మెరుపు మందు ఉందా? శాంపిల్ ముక్క అడిగి నీలి దీపం కింద చూడండి.

ఫ్రేమ్‌లో అద్దానికీ ఫొటోకీ మధ్య సందు వదులుతారా? వెనక మామూలు అట్ట కాకుండా ఆమ్లం లేని బోర్డు పెడతారా? అద్దానికి ప్రింట్ ఆనుకుంటే వానాకాలంలో అతుక్కుపోతుంది. మామూలు అట్టలోని ఆమ్లం కొన్నేళ్లకు కాగితాన్ని పసుపెక్కిస్తుంది.

ఇంటికొచ్చాక మీ పని రెండే. ఎండ చార పడని గోడ చూసుకోండి. ఫ్రేమ్ కింది మూలలకు రెండు రబ్బరు ముక్కలు అంటించి గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య గాలి ఆడనివ్వండి. ఇక అన్నిటికంటే ముఖ్యం, పాత అసలు ఫొటోని పారేయకండి. స్కాన్ చేశాం కదా అని అసలే పారేయకండి.

ఖర్చంటారా? షాపు ప్రింట్‌కి ఐదారు రెట్లయింది. పాడుచేసుకున్నవి కలిపితే ఇంకా ఎక్కువ. గుంటూరు ఆస్పత్రి గుమ్మం ముందు నానమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకోవడం గుర్తొస్తే ఆ డబ్బు పెద్దగా అనిపించలేదు.

రెండు ఫొటోలు

దసరాకి రెండు ప్రింట్లు పట్టుకుని బాపట్ల వెళ్లా. పెద్దది గోడకి. అద్దం పెట్టించా, దండ వేసినా తడి తగలకుండా. ఈసారి ఉత్తరపు గోడ చూశా. అక్కడ ఎండ పడదు, కిటికీ నీడా అద్దంలో కనపడదు. చిన్నది పోస్టుకార్డు సైజుకి రెట్టింపు ఉంటుంది. అద్దం లేదు, పూత మాత్రమే. అది నానమ్మ మంచం పక్క స్టూలు మీదకి.

చిన్నదాన్ని చేతిలోకి తీసుకుని, కళ్లజోడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

‘‘చెవి కింద మచ్చ కనపడుతోందే.’’

ఎర్రబడిన ఫొటోలో ఆ మచ్చ కలిసిపోయింది. అక్కడొక మచ్చుందని నాకసలు తెలియనే తెలియదు. స్కాన్ శుభ్రం చేస్తున్నప్పుడు దుమ్మనుకుని చెరపబోయి ఎందుకో వదిలేశా.

‘‘ఇది ముట్టుకోవచ్చా?’’ అంది.

‘‘దీన్ని ముట్టుకోవడానికే చేశా నానమ్మా.’’

చెంప మీద చెయ్యి పెట్టింది. ‘‘ఇదీ ఎర్రబడితే?’’

‘‘చాలా ఏళ్లు పడుతుంది. ఎర్రబడితే మళ్లీ వేయిస్తా. కంప్యూటర్‌లో ఉంది కదా.’’

గోడ మీంచి దింపిన ఎర్ర ఫొటోని చెత్తబుట్టలో వేద్దామని తీసుకెళ్తుంటే వెనక నుంచి కేకేసింది.

‘‘దాన్నెక్కడికే తీసుకెళ్తున్నావ్?’’

‘‘పాడైపోయింది కదా నానమ్మా.’’

‘‘మూడేళ్లు నేను మాట్లాడింది దానితోనే. ఇటియ్యి.’’

నా చేతిలోంచి తీసుకుని, ఫ్రేమ్ ఊడదీయించి, పాత పట్టు చీర మడతల మధ్య పెట్టి ట్రంకుపెట్టెలో పెట్టింది. వెండి ఫొటో పక్కనే. మూత వేసి తాళం తిప్పింది. లోపల వెలుతురు లేదు, గాలి ఆడదు. అక్కడ ఆ ఎరుపు ఇంక పెద్దగా మారదు.